సోనాఖాన్ ధాన్యం, ఐర్లండు కౌలు

ఈ వారం ఈ లేఖను ఢిల్లీ నుంచి గాక మరొక రాజధాని నుంచి రాస్తున్నాను. 2000 నవంబరు 1న అవతరించిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, పాత రాయపూర్ ఇరుకు తనకు చాలదనుకొని, పొలాల నడుమ కట్టుకొన్న పట్టణం నయా రాయపూర్. 2012లో సచివాలయం ఇక్కడి మహానది భవన్‌కు తరలివచ్చింది. 2018లో ఊరికి అటల్ నగర్ అన్న పేరు చేర్చారు. కొత్త శాసనసభా భవనాన్ని 2025 నవంబరు 1న ప్రధానమంత్రి ప్రారంభించారు. రోడ్లు ఎంత విశాలమో, వాటిపై నడిచే జనం అంత పలచన. ఇది ఎత్తిపొడుపు కాదు. కొత్త రాజధానులన్నిటికీ బాల్యంలో ఉండే లక్షణమే.

ఇక్కడి క్రికెట్ స్టేడియానికి షహీద్ వీర నారాయణ్ సింగ్ పేరు పెట్టారు. ఈయన సోనాఖాన్ జమీందారు, బింఝ్వార్ గిరిజనుడు. 1856లో కరవు వచ్చినపుడు కస్డోల్‌లోని మాఖన్ అనే వ్యాపారి గాదెలు తెరిపించి, ఆ ధాన్యాన్ని ఆకలితో ఉన్నవారికి పంచిపెట్టాడు. పంచిపెట్టి దాక్కోలేదు, తాను చేసిన పనిని తానే అధికారులకు తెలియజేశాడు. దోపిడీ నేరం మోపి రాయపూర్ జైలులో పెట్టారు. 1857లో తప్పించుకొని సోనాఖాన్ చేరి తిరుగుబాటు నడిపాడు. ఆ ఏడాది డిసెంబరు 10న రాయపూర్‌లో ఉరితీశారు. జమీందారు అన్న మాట వినగానే మనకు కలిగే భావానికి ఈ ఒక్క జమీందారు లొంగడు.

ఆయన గాదె తెరిపించడానికి పదేళ్ళ ముందు, అదే ప్రశ్న ఐర్లండులో తలెత్తింది. 1845లో బంగాళాదుంప పైరుకు తెగులు సోకింది. దుంప తప్ప మరొక తిండి ఎరుగని పేదలు పస్తులతోనూ జ్వరాలతోనూ కుప్పకూలారు. 1841లో 81 లక్షలు దాటిన జనాభా 1851 నాటికి 65 లక్షల చిల్లరకు దిగింది. సుమారు పది లక్షలమంది చనిపోయారు, మరో పది లక్షలమంది ఓడలెక్కారు. ఆ సంవత్సరాలలోనే రేవుల నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉన్నది. వ్యాపారంలో సర్కారు జోక్యం చేసుకోరాదన్నది ఆనాటి అర్థశాస్త్రం. లండన్ ఖజానా శాఖలో కూర్చుని ఆ శాస్త్రాన్ని అక్షరాలా అమలుపరచిన ఉన్నతోద్యోగి చార్లెస్ ట్రెవెల్యన్. ఈయన మనకు పరాయివాడు కాడు; 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి, కొత్త పన్నులను బాహాటంగా ప్రతిఘటించి మరుసటి ఏడే పదవి పోగొట్టుకున్నాడు. మన జిల్లాల మీద పడే పన్నుకు నొచ్చుకొన్న మనిషి, ఐర్లండు ఆకలికి చలించకపోవడం విచిత్రమే. సిద్ధాంతం మనిషిని ఎక్కడ మెత్తబరుస్తుందో, ఎక్కడ రాయి చేస్తుందో చెప్పలేము.

1847లో చేసిన పేదల చట్టంలో ఒక నిబంధన మరీ దారుణమైనది. పావు ఎకరం మించి సాగుచేసుకొనేవాడికి సహాయం లేదన్నారు. గంజి కావాలంటే భూమి వదులుకోవాలి, భూమి కావాలంటే చావాలి. వేలాది కుటుంబాలు గుడిసెలు విడిచి వెళ్ళగా, భూస్వాములు ఆ గుడిసెలను పడగొట్టించి భూములను ఏకఖండంగా కలుపుకొన్నారు.

అటు తరువాత పాతికేళ్ళు ఐర్లండు గురించి జరిగిన వాదోపవాదాల సారాంశం ఒక్కటే. భూమిపై హక్కు ఒడంబడిక వల్ల వస్తుందా, వాడుక వల్ల వస్తుందా? కౌలు అన్నది ఇద్దరు స్వతంత్రుల నడుమ బేరమని, గడువు తీరితే కౌలుదారు లేచిపోవలసిందేనని ఒక పక్షం. తరతరాలుగా దున్ని, గట్టువేసి, గుడిసె కట్టినవాడికి కాగితం లేకున్నా ఆ మట్టిలో ఒక భాగం ఉన్నదని రెండవ పక్షం. ఈ రెండవ పక్షానికి బలమైన సాక్ష్యం ఎక్కడినుంచి పోయిందో తెలిస్తే పాఠకులు ఆశ్చర్యపోతారు. రాయపూర్ జిల్లా ఆనాడు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం. ఆ రాష్ట్రానికి 1867 ప్రాంతంలో చీఫ్ కమిషనరుగా పనిచేసిన జార్జ్ క్యాంప్‌బెల్ 1869లో ఐర్లండు వెళ్ళి చూచి, ఆ భూసమస్యపై ఒక పుస్తకం ప్రకటించాడు. చట్టం ఏమి చెప్పినా, ఐరిష్ రైతు మన రైతువలెనే వాడుకను నమ్ముకొని బతుకుతున్నాడని, ఆ వాడుకనే చట్టం చేయమని దాని తాత్పర్యం. గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం 1870లో తెచ్చిన భూచట్టం మీద ఆ పుస్తకం ప్రభావం ఉన్నదని చరిత్రకారులు అంగీకరిస్తారు. అల్‌స్టర్ ప్రాంతపు ఆచారానికి ఆ చట్టం న్యాయస్థానంలో విలువ కల్పించింది, వెళ్ళగొట్టిన కౌలుదారుకు పరిహారం ఇమ్మన్నది. తెల్లదొరతనం మనకు చట్టాలు నేర్పిందని వినివిని ఉన్నాము. ఇక్కడి వాడుక అక్కడి చట్టానికి ఊపిరి పోసిన ఉదాహరణ ఇది.

తరువాతి కథ చాలామందికి తెలిసినదే. 1879లో మైకేల్ డావిట్, పార్నెల్‌ల లాండ్ లీగ్ పుట్టింది. మరుసటి ఏడు మేయో జిల్లాలో బాయ్‌కాట్ అనే భూస్వామి ఏజెంటును జనం వెలివేయగా, ఆయన పేరు మన స్వాతంత్ర్యోద్యమం దాకా వచ్చింది. 1881 చట్టం సరసమైన కౌలు, స్థిరమైన స్వాధీనం, హక్కును అమ్ముకొనే స్వేచ్ఛ ఇచ్చింది. 1903 చట్టంతో సర్కారు అప్పు మీద కౌలుదారులే భూమిని కొనుక్కొన్నారు. ఈ చివరి చట్టం వెనుక ఉన్న డబ్లిన్ అధికారి ఆంటొనీ మాక్డొనెల్ మేయోలో పుట్టిన ఐరిష్‌వాడు. ఆయనా 1890ల తొలిరోజులలో ఇదే సెంట్రల్ ప్రావిన్సెస్‌కు చీఫ్ కమిషనరు. 1901 కరవు కమిషనుకు అధ్యక్షుడు కూడా.

అయితే ఈ విజయగాథలో ఒక పెద్ద ఖాళీ ఉన్నది. 1881 నాటికి హక్కులు పొందినవారు కరవులో మిగిలినవారు. ఎకరం, అరెకరం చెక్కలో దుంపలు వేసుకొని, దాని కౌలును కూలిపనితో తీర్చుకొన్న నిరుపేదలు అప్పటికే నేలలోనో సముద్రం అవతలనో ఉన్నారు. సంస్కరణ అవసరం ఎవరికి అందరికంటె ఎక్కువో వారు, సంస్కరణ వచ్చేనాటికి లేరు. మిగిలిన వ్యవసాయ కూలీలకు 1883 చట్టం కుటీరాలూ, వాటి వెంట అరెకరం పెరడూ చూపింది. అదీ ఉద్యమానికి తోకగా వచ్చినదే.

నయా రాయపూర్‌లో నాకు ఈ ఖాళీయే కనిపించింది. ఇక్కడి భూమిని కొంత పరస్పర అంగీకారంతో కొన్నారు, కొంత 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకొన్నారు. 2022 జనవరి 3న 27 గ్రామాల రైతులు సత్యాగ్రహానికి కూర్చున్నారు. నాలుగు రెట్ల పరిహారం, వయోజనులకు 1200 చదరపు అడుగుల నివాస స్థలం, ఉద్యోగాలు వారి కోరికలలో ముఖ్యమైనవి. అవి న్యాయమైనవే. కాని పట్టా ఉన్నవాడి కోరిక వినపడినంతగా లేనివాడిది వినపడదు. సచివాలయానికి కొద్ది దూరంలో ఒక వృద్ధుడు కనిపించాడు. ఇరవై ఏళ్ళు మరొకరి మూడెకరాలను అధియా చేశాడు. అధియా అంటే మన వైపు సగపాలు. ఆసామి భూమి ఇచ్చి చెక్కు తీసుకొన్నాడు, అందులో తప్పేమీ లేదు. ఈయన పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. నేను పుస్తకంలో రాసుకొంటుంటే, ‘‘బాబూ, మీ కాగితానికి పట్వారీ సంతకం ఉంటుందా?’’ అని అడిగాడు.

2013 భూసేకరణ చట్టం కౌలుదారును, పాలికాపును, కూలీని కూడా బాధిత కుటుంబంగా గుర్తించింది. మూడేళ్ళుగా ఆ భూమిపైనే ప్రధానంగా బతుకుతూ ఉండాలన్నది షరతు. క్యాంప్‌బెల్ చెప్పిన వాడుక మాట నూటయాభై ఏళ్ళకు మన చట్టంలోకి వచ్చిందనుకోవాలి. కాని 1894 చట్టం కిందనో, అంగీకారపు కొనుగోలు పేరుతోనో అంతకు ముందే తీసుకొన్న భూములకు ఆ నిర్వచనం వర్తించలేదు.

మనం ఛత్తీస్‌గఢ్‌ను చూచి నవ్వవలసిన పని లేదు. అమరావతికి భూసమీకరణలో ముప్పై వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులకు స్థలాలు, ఏటా కౌలు చెల్లింపు ఒప్పుకొన్నారు; భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛనుతో మొదలుపెట్టారు. అంతమాత్రమైనా ఆ కుటుంబాన్ని లెక్కలో చేర్చినందుకు సంతోషమే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారును చూచింది గాని దున్నేవాడిని చూడలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇచ్చే చట్టం చేసింది. అందులో యజమాని సంతకం తప్పనిసరి కాదు. బాంకులు కార్డు చూచి పెదవి విరిచాయి, అది వేరే గొడవ. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి, అదీ యజమాని అంగీకారానికి, కార్డును ముడిపెట్టింది. ఢిల్లీలో నీతి ఆయోగ్ 2016లో ప్రకటించిన నమూనా కౌలు చట్టం ధోరణి కూడా ఇదే. కౌలు ఇద్దరి నడుమ బేరం, యజమాని హక్కుకు లోటు రారాదు, గడువు తీరితే భూమి తిరిగి రావాలి.

యజమాని భయం ఉట్టిది కాదు. 1950 హైదరాబాదు కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారులకు భూములు దఖలు పడిన సంగతి మన పెద్దలు మరువలేదు. ఆ భయంతోనే నోటి కౌలు పెరిగింది, సంతకం కరువైంది. అయితే దానికి మందు సంతకమే అడగడం ఎట్లా అవుతుంది? అడిగితే ఇవ్వనివాడిని మళ్ళీ అడగమని చట్టం చెబుతోంది. భూమి హక్కు సంగతి పక్కన బెట్టి, ఈ పైరు ఎవరు వేశారన్న ఒక్క విషయాన్ని గ్రామసభలో నలుగురి సాక్ష్యంతో రాసుకోవచ్చు. పంట నష్టమైనా, భూసేకరణ వచ్చినా ఆ పుస్తకమే ఆధారం. 2011 చట్టం ఆ దారికి దగ్గరగా వచ్చింది. దానిని దిద్దుకోవలసినది పోయి రద్దుచేసి, యజమాని సంతకానికి తిరిగివెళ్ళాము.