మూగవోయిన అంచు

గణపతి నవరాత్రులు వస్తే మా మట్టెవాడలో డప్పును మంట దగ్గర కాచి బిగువు చేసుకునేవారూ ఉంటారు, వారి పక్కనే రబ్బరు ప్యాడ్ల ముందు పుల్లలు పట్టుకుని నిలబడే కుర్రవాళ్ళూ ఉంటారు. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఈ ప్యాడ్ల గొడవ ఎందుకంటారా? మా వీధి కుర్రవాడొకడు పెళ్ళిళ్ళలో వాయించి ఇల్లు గడుపుతున్నాడు. ఒక పెళ్ళికి ముందురోజు పరుగున వచ్చాడు.

“సార్, నడుమ కొడితే మోగుతుంది, అంచు కొడితే సప్పుడు లేదు. ప్యాడు పోయింది, కొత్తది కొనమంటున్నరు.”

పుచ్చుకున్న అడ్వాన్సు అప్పటికే ఇంటి అద్దెకు పోయింది.

అసలు ప్యాడులో చప్పుడంటూ ఏమీ లేదండీ. రబ్బరు కింద రూపాయి బిళ్ళకంటె కాస్త పెద్ద ఇత్తడి రేకు, దానిమీద పింగాణీ వంటి తెల్లని పూత. అదే సెన్సారు. దెబ్బ తగిలితే రవంత వంగుతుంది. వంగితే విద్యుత్తు పుడుతుంది. కొన్ని స్ఫటికాలకు ఈ గుణం ఉందని 1880లో ఫ్రాన్సులో జాక్, పియేర్ క్యూరీ సోదరులు కనిపెట్టారు. ఇల్లాళ్ళు నవ్వకుండా వినాలి: వంటింట్లో ‘టక్’మని నిప్పురవ్వ రాల్చే గ్యాసు లైటరులో ఉన్నదీ ఇదే! గట్టి దెబ్బకు ఎక్కువ వోల్టేజి, మెల్లని దెబ్బకు తక్కువ. ఆ కబురు కేబులు వెంట పెట్టెకు చేరితే, పెట్టె దాని బలం కొలిచి, తనలో దాచుకున్న తబలానో డోలునో అంత గట్టిగా పలికిస్తుంది. 1985లో జపాను రోలండ్ కంపెనీ తెచ్చిన మొదటి ఆక్టాప్యాడ్‌కు ఎనిమిది ప్యాడ్లున్నాయి గాని సొంత గొంతే లేదు. మరొక యంత్రానికి ఆజ్ఞలు పంపడమే దాని ఉద్యోగం.

మావాడి ప్యాడుకు నడుమ ఒక సెన్సారు, అంచుకు ఒకటి. కబుర్లు రెండు, ఉమ్మడి తిరుగుదారి ఒకటి, వెరసి మూడు దారులు. కేబులు చివరి జాక్ మీద రెండు నల్ల పట్టీలుంటే మూడు దారులున్నట్టు. ఒకటే ఉంటే రెండే. సాధారణంగా జాక్ కొన నడిమి కబురును, పట్టీల మధ్య ఉంగరం అంచు కబురును మోస్తాయి. ఒంటిపట్టీ జాక్ దూర్చితే, ఉంగరం తగలవలసిన చోట మొదలు తగిలి, అంచు కబురు తిరుగుదారిలో కలిసిపోతుంది. పైకి మాత్రం రెండు కేబుళ్ళూ కవలపిల్లలే.

మావాడి జాక్‌కు పట్టీ ఒక్కటే! పాత కేబులు తెగితే అంగడిలో గిటారు కేబులు చేతిలో పెట్టారట. రెండు పట్టీలది తెచ్చి పెట్టగానే అంచు పలికింది. మళ్ళీ కలిసిపోకుండా దానికి ఎర్రదారం కట్టుకున్నాడు.

ఒక ప్యాడు కొడితే పక్కది కూడా మోగడం వేరే జబ్బు. అది స్టాండు గుండా అదురు పాకడంవల్ల వస్తుంది. దానికి కేబులు మార్చి లాభం లేదు, పెట్టెలోనే సర్దుకోవాలి.