మూడు శ్రమల పందెం – అర్ధశక్తి నియమం



వ్యాయామం చేయమని చెప్పి పంపిన రోగి, కొంతకాలానికి తిరిగివచ్చి, "వైద్యులు గారూ, ట్రయాథ్లాన్ పోటీలో పాల్గొనదలచాను, ఆశీర్వదించండి" అంటే వైద్యుడు ఏమి చెప్పవలెను? పటమటలోని మా వైద్యశాలలో మూడేళ్ళ క్రితం నాకు ఈ ప్రశ్న ఎదురైనది. ఆనాడు నేను చెప్పిన సమాధానంలో ఒక పెద్ద దోషం దొర్లినది. దానిని ఒప్పుకొనడానికీ, ఇటువంటి పోటీ పాల్గొనేవారికి ఎలా ఉంటే మేలో నా అభిప్రాయం చెప్పడానికీ ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఏమిటీ పోటీ?

మొదట ఈత, ఆ తడి ఆరకముందే సైకిలు, సైకిలు దిగిన వెంటనే పరుగు. ఈ మూడింటినీ ఒకే రోజున ఏకబిగిన పూర్తిచేయడమే ట్రయాథ్లాన్. 1978లో హవాయి దీవులలో 15 మంది సాహసికులు సుమారు 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు సైకిలు తొక్కి, 42 కిలోమీటర్లు పరుగెత్తే పందెంలో దిగితే 12 మంది పూర్తిచేయగలిగారు. 'ఐరన్‌మ్యాన్' అనే పేరు అక్కడ పుట్టినదే. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్సులో ట్రయాథ్లాన్‌కు స్థానం దక్కినది. అక్కడి దూరాలు 1.5, 40, 10 కిలోమీటర్లు. 2019 అక్టోబరులో గోవా సముద్రతీరాన 1.9, 90, 21 కిలోమీటర్ల పోటీ మొదలైనది. కొత్తవారికోసం 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు గల చిన్న పోటీలు కూడా ఉన్నవి. నేడు వీటివైపు చూస్తున్నవారు కేవలం క్రీడాకారులు కారు. ఉద్యోగులు, వ్యాపారులు, గృహిణులు, పిల్లలను కాలేజీలో చేర్పించి ఊపిరి పీల్చుకున్న తల్లిదండ్రులు. అంటే మన పాఠకుల ఇళ్ళలోనివారే.

నా దోషం

నేను చెప్పిన రోగి బ్యాంకు ఉద్యోగి, వయస్సు నలభై ఆరు. మధుమేహం తొంగిచూస్తున్నదని తెలిసి, ఏడాదిపాటు క్రమం తప్పక నడిచి, ఈదుతూ బరువు తగ్గించుకున్న బుద్ధిమంతుడు. పోటీ సంగతి చెప్పినప్పుడు నాకూ ఉత్సాహం కలిగినది. "మన ఎండలలో చెమట ధారలుగా పోతుంది. దప్పిక వేసేదాకా ఆగకు. గంటకు లీటరుకు తగ్గకుండా నీరు తాగు" అన్నాను.

చైత్రమాసంలో ఒక ఆదివారం ఆయన ఈతకొలనులో ఈది, పటమట నుండి ఉయ్యూరు వరకు సైకిలుపై వెళ్ళివచ్చి, ఆపైన పరుగు మొదలుపెట్టాడు. దారి పొడవునా నేను చెప్పినట్లే నీరు తాగాడు. పరుగు సగంలో తలనొప్పి, వాంతి, మాటలో తడబాటు. ఇంటివారు వెంటనే ఆసుపత్రిలో చేర్చారు. రక్తంలో సోడియం బాగా పడిపోయినదనీ, అవసరానికి మించి నీరు తాగడమే కారణమనీ అక్కడి వైద్యులు తేల్చారు. సకాలంలో చికిత్స అందినందువలన మనిషి దక్కాడు. నేను చూడడానికి వెళ్ళినప్పుడు ఆయన భార్య నన్ను నిందించలేదు. "మీరు చెప్పినట్లే తాగారండీ" అన్నది. అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవులలో ఉన్నది.

ఇది అరుదైన సంగతి కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షించగా నూటికి 13 మందిలో సోడియం తగ్గి ఉన్నట్లు తేలినది. ఆధునిక శాస్త్రం అంత దూరం వెళ్ళి కనుగొన్నదానిని మన శాస్త్రం ముందే సూచించియున్నది. దప్పిక సహజ వేగాలలో ఒకటి. పుట్టిన వేగాన్ని ఆపరాదు, పుట్టని వేగాన్ని బలవంతంగా తెప్పించరాదు అన్నది వాగ్భటుని ఉపదేశం. గురుకులంలో వల్లెవేసిన ఆ నియమాన్ని నేనే మరచి, దప్పిక లేని మనిషిచేత నీరు తాగించాను. కనుక ఇప్పుడు చెబుతున్నాను. దప్పిక వేసినప్పుడు, దప్పిక తీరేవరకే తాగవలెను. ఉప్పు కలిపిన నీరైనా, మజ్జిగైనా అతిగా తాగితే ఈ ప్రమాదం తప్పదు.

శరీరం చెప్పే గుర్తులు

వ్యాయామం ఎంత చేయవలెను అన్న ప్రశ్నకు ఆయుర్వేదం ఇచ్చిన సమాధానం అర్ధశక్తి. అంటే తన బలంలో సగం. ఆ సగం వచ్చినదని తెలిసేది ఎలా? ఊపిరి ముక్కును విడిచి నోటితో ఆడడమే దాని లక్షణమని సుశ్రుతాచార్యులు చెప్పారు. నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్ళవద్ద చెమట పట్టడం, నోరు ఎండిపోవడం కూడా గుర్తులని పెద్దలు వివరించారు. ఆ గీత దాటి అతిగా శ్రమిస్తే దప్పిక, ఆయాసం, రక్తపిత్తం, దగ్గు, జ్వరం, వాంతి వంటివి కలుగుతాయి.

ట్రయాథ్లాన్‌లో ఉన్న చిక్కు ఇక్కడే. నీటిలో ఉన్నవాడికి తన చెమట కనబడదు. ఈతలో అందరూ నోటితోనే గాలి పీలుస్తారు కనుక ఆ గుర్తు కూడా పనికిరాదు. సైకిలు ఎక్కిన తరువాత ఎదురుగాలి చెమటను పుట్టినచోటనే ఆర్పివేస్తుంది. శరీరం చల్లగా ఉన్నట్లే తోస్తుంది. చివరికి పరుగులో, గాలి తగ్గి ఎండ పెరిగిన వేళ, దాగి ఉన్న గుర్తులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. అప్పటికి సగం బలం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. సొంత శరీరం చెప్పే మాట మనిషికి వినబడకుండా చేయడమే ఈ పందెంలోని అసలు ప్రమాదం. ఆ మాటను తిరిగి వినబడేటట్లు చేసే పోటీయే ఉత్తమమైన పోటీ అని నా నిశ్చితాభిప్రాయం.

1970ల చివరిలో నేను డెల్టా పల్లెలో గురువుగారి ఇంట చదువుకునే రోజులలో వేకువనే మమ్ములను కాలువలో ఈదించేవారు. మధ్యలో ఒడ్డుకు పిలిచి, "నీ పేరు, గోత్రం, ఊరు ఒక్క ఊపిరిలో చెప్పు" అనేవారు. చెప్పగలిగినవాడు తిరిగి నీటిలోకి. చెప్పలేనివాడు ఆ పూటకు ఒడ్డునే. ఆనాడు అది మాకు పరిహాసంగా ఉండేది. శ్రమ చేస్తూ తడబడకుండా మాట్లాడగలగడమే మితానికి గుర్తు అని నేటి వ్యాయామ శాస్త్రజ్ఞులు కూడా చెబుతున్నారు.

నిర్వాహకులకు విన్నపం

మన కృష్ణాతీరంలో ఇటువంటి పోటీ పెట్టదలచేవారికి నాలుగు మాటలు చెప్పదలచాను.

మొదటిది కాలం. చలికాలంలోనూ వసంతంలోనూ, అదీ బలవంతులకు, స్నిగ్ధాహారం తినేవారికి మాత్రమే అర్ధశక్తి వరకు వ్యాయామం చెప్పబడినది. తక్కిన ఋతువులలో ఇంకా తక్కువ చేయవలెను. మన ప్రాంతంలో ఫాల్గుణం దాటితేనే ఎండ తీవ్రమవుతుంది. కనుక మార్గశిర పుష్య మాసాలే తగిన కాలం. వేకువన మొదలై, ఎండ ముదరకముందే చివరివాడు కూడా గమ్యం చేరేటట్లు దూరాలను నిర్ణయించవలెను. 2021లో టోక్యో ఒలింపిక్సులో ఎండకు వెరచి పురుషుల పోటీని ఉదయం 6.30 గంటలకే ప్రారంభించారు. ప్రపంచస్థాయి క్రీడాకారులకే అంత జాగ్రత్త అవసరమైతే మనవంటి గృహస్థుల మాట వేరే చెప్పవలెనా?

రెండవది నీరు. 2024 సెప్టెంబరు ఆరంభంలో ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహించిన సంగతి మనమెవ్వరమూ మరువలేదు. వరద రోజులలో నదిలో ఈత తలపెట్టరాదు. వరద తగ్గినంతమాత్రాన నీరు శుద్ధమైనదని నమ్మరాదు. 2024 పారిస్ ఒలింపిక్సులో సెన్ నది నీరు పరీక్షలో నిలువనందున పురుషుల ట్రయాథ్లాన్‌ను ఒకరోజు వాయిదా వేశారు. 1998లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఒక సరస్సులో జరిగిన పోటీ తరువాత 474 మందికి రక్తపరీక్ష చేయగా 52 మందికి లెప్టోస్పైరోసిస్ సోకినట్లు తెలిసినది. ఎలుకలు మొదలైన జంతువుల మూత్రం కలిసిన నీటివలన వచ్చే ఈ జ్వరం వరిపొలాల మధ్య జీవించే మనకు కొత్తది కాదు. నీటిని ముందుగా పరీక్ష చేయించి, ఫలితాన్ని పాల్గొనేవారందరికీ తెలియజేయవలెను. నీరు బాగుండనప్పుడు ఈతను నిస్సంకోచంగా రద్దు చేయవలెను.

అందరినీ ఒక్కసారిగా నీటిలోకి వదలరాదు. కొద్దిమంది చొప్పున పంపవలెను. పడవలు, గజ ఈతగాళ్ళు దగ్గరలోనే ఉండవలెను. అమెరికాలో 2006 నుండి 2008 సెప్టెంబరు వరకు ఈ పోటీలలో మరణించిన 14 మందిలో 13 మంది ఈతలోనే ప్రాణాలు కోల్పోయారన్నది గుర్తుంచుకోవలెను.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈత ముగించి సైకిలు ఎక్కే చోటు, సైకిలు దిగి పరుగుకు బయలుదేరే చోటు. ఇప్పటి పద్ధతిలో అక్కడ గడిపే సమయం కూడా లెక్కలోకి వస్తుంది. అందువలన తడి తుడుచుకొనడానికి కూడా మనిషి తొందరపడతాడు. సామాన్యులకోసం జరిపే పోటీలలో ఆ రెండు చోట్లా పదేసి నిమిషాలు లెక్కలోనుండి తీసివేయవలెనని నా కోరిక. అక్కడ నీడ, కూర్చునే చాప, స్త్రీలకు బట్టలు మార్చుకొనే మరుగు, మరుగుదొడ్లు ఉండవలెను. వైద్యం తెలిసినవారొకరు ఎదుట నిలబడి, మా గురువుగారివలె పేరు, ఊరు అడిగి, మాట తీరును, ముఖవర్ణాన్ని గమనించవలెను. మాట తడబడినవారిని, తల తిరుగుతున్నదన్నవారిని అక్కడే ఆపే అధికారం ఆ వైద్యునికి ఉండవలెను. ఎండదెబ్బ తగిలి స్పృహ తప్పుతున్నవారికి కషాయాలు, లేహ్యాలు పనికిరావు. వెంటనే చల్లని నీటితో, మంచుతో శరీరాన్ని చల్లబరచి, 108 వాహనాన్ని పిలిపించవలెను. ఆయుర్వేద వైద్యుడినైన నేనే ఈ మాట చెబుతున్నాను.

నాలుగవది, చివరివానికి గౌరవం. హవాయి పోటీలో పదిహేడు గంటల గడువు ముగిసే అర్ధరాత్రి వేళ ఆఖరున వచ్చేవారికోసం జనం మేలుకొని ఎదురుచూస్తారు. మనవద్ద బహుమతి ప్రదానం ముగియగానే షామియానా విప్పే అలవాటు ఉన్నది. చివరన వచ్చినవానికి మంచినీరు, చప్పట్లు కరవైతే తరువాతిసారి అతడు మితం మరచి పరుగెత్తుతాడు.

పాల్గొనేవారికి

"పందెమంటే శక్తినంతా ధారపోయడమే కదా, అర్ధశక్తి ఎలా కుదురుతుంది?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నయే. నా సమాధానం ఇది. సగం ఎప్పుడూ ఒకేచోట నిలిచి ఉండదు. రోజూ సగం వరకు శ్రమిస్తే బలం పెరుగుతుంది, దానితోపాటు సగం కూడా పెరుగుతుంది. ఆరు నెలలకు తక్కువ కాకుండా సాధన చేసి, పోటీ దూరం తన సగానికి దగ్గరగా వచ్చిన తరువాతనే పేరు నమోదు చేసుకొనవలెను. శక్తిని కూడబెట్టుకొని పందెంలో దిగవలెనుగాని, పందెంలో దిగి శక్తిని వెతుక్కొనరాదు.

నలభై దాటినవారు, రక్తపోటు, మధుమేహం, హృద్రోగం ఉన్నవారు, ఇంటిలో ఎవరికైనా చిన్నవయస్సులో గుండెజబ్బు వచ్చినవారు ముందుగా గుండె పరీక్ష చేయించుకొనవలెను. జ్వరం, విరేచనాలు తగ్గిన వారంలోపు పోటీకి వెళ్ళరాదు. సాధన రోజులలో నువ్వులనూనెతో అభ్యంగనం, గోరువెచ్చని నీటి స్నానం, తొమ్మిది గంటలకే నిద్ర మంచివి. పోటీనాడు కొత్త ఆహారం, కొత్త మందు, కొత్త చెప్పులు వద్దు. సాధనలో తిని అరిగించుకొన్నదే ఆనాడూ తినవలెను. పోటీ ముగిసిన తరువాత ఆకలి వేసినప్పుడు పలుచని గంజి, పెసరకట్టు, మజ్జిగ అన్నం హితవు. ఖర్జూరం, ద్రాక్ష, దానిమ్మ, కొద్దిగా చింతపండు నీటిలో నానబెట్టి పిసికి వడకట్టిన మంథం అలసట తీరుస్తుంది. మధుమేహులు దీనిని తీసుకొనరాదు.

చివరిమాట

ఆ బ్యాంకు ఉద్యోగి నామీద నమ్మకం వదులుకొనలేదు. ఏడాదిన్నర సాధన చేసి, గడచిన పుష్యమాసంలో ఒక చిన్న పోటీ పూర్తిచేసి వచ్చాడు. ఎంతసేపు పట్టినదని నేను అడగలేదు. "ఆ రాత్రి నిద్ర పట్టినదా? మరునాడు ఆకలి వేసినదా?" అని మాత్రం అడిగాను.

"బాగా నిద్రపట్టినదండీ. పొద్దున్నే పెసరట్లు తిన్నాను" అన్నాడు.

నా లెక్కలో ఆయన గెలిచినట్లే.