చెట్టు నెఱిగిన చేతిపని

సంగారెడ్డి పట్టణము నానుకొని, హైదరాబాదునుండి ముంబాయికి పోవు రాజమార్గముపై పోతిరెడ్డిపల్లి యున్నది. అచటినుండి పటాన్‌చెరు వరకు ఎన్నియో యంత్రాగారములు కలవు. చదువు ముగిసిన పిమ్మట ఏ పని చేయవలయును అను ప్రశ్న ఈ ప్రాంతపు బాలబాలికలకు దూరపు మాట కాదు. అట్టివారు ఆలోచింపదగిన వృత్తులలో చెక్కపని యొకటి. కాని దానిని నేర్చుకొను విధము మారవలయును.

వడ్రంగమనగా ఉలి, బాడిస, చిత్రిక మాత్రమే యని పలువురు తలచుచున్నారు. అది సరికాదు. ఒక చిన్న ఉదాహరణము చాలును. సరకులను విదేశములకు పంపుటకు చెక్కపెట్టెలు కావలయును. ఆ చెక్కలో పురుగు దాగియుండినచో పరదేశపు అడవులకు చేటు కలుగును. అందుచే 2002లో అంతర్జాతీయ నియమ మొకటి యేర్పడినది. వేడిచే శుద్ధిచేయు పద్ధతిలో, చెక్క నడిమి భాగమునకు సైతము 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఎడతెగక 30 నిమిషములు తగులవలయును. పచ్చి కర్రతో చేసిన తలుపు ఎండినకొలది వంకరపోవును గనుక తేమను కొలుచుటయు తెలియవలయును. కావున నేటి చెక్కపనికి చేతి నేర్పుతోపాటు గణితము, విజ్ఞానశాస్త్రము అవసరము.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. కృష్ణాతీరమునకు సమీపమునగల కొండపల్లిలో బొమ్మలు చేయు నేర్పు తరతరములుగా వచ్చుచున్నది. ఐనను ఆ బొమ్మలకు కావలసిన తెల్లపొణికి కర్ర దొరకుట కష్టమైనది. చేతిలో నేర్పుండియు చెట్టు లేనిచో వృత్తి నిలువదు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేయుదురు. అచట రసాయనపు రంగులకు మారుగా గింజలు, ఆకులు, వేళ్లనుండి తీసిన రంగులను వాడుకలోనికి తెచ్చుటకు కృషిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ప్రకృతిని కాపాడుటయు వృత్తిలో భాగమే యని ఈ రెండు గ్రామములు తెలుపుచున్నవి.

పటాన్‌చెరు ప్రాంతమునకు ఈ పాఠము క్రొత్తది కాదు. పరిశ్రమల వ్యర్థజలములచే నక్కవాగు కలుషితమై, ఆ వివాదము 1990లో సుప్రీంకోర్టు వరకు పోయినది. పనిలో లాభము చూచి, దాని పర్యవసానము చూడకున్న ఫలితమిట్లే యుండును. కావున చెక్కపని నేర్చు విద్యార్థి శిక్షణ రంపపు మిల్లులో గాక తోటలో ఆరంభము కావలయును. మేలురకపు జామాయిలు నాలుగైదేండ్లలో కోతకు వచ్చును; మంచి టేకు కలపకు దశాబ్దములు పట్టును. ఈ భేద మెఱిగినవాడు గుప్పెడు ముక్కనైనను వృథాచేయడు.

శిక్షణ పేరిట విద్యార్థులచే రంపపుపొట్టు ఊడ్పించి పంపువారు లేకపోలేదు. అది విద్య కాదు, వెట్టి. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ప్రకారము అప్రెంటిసుకు వ్రాతపూర్వకమైన ఒడంబడిక, నెలనెల భృతి యుండవలయును. పని నేర్పుటకు తీరిక లేదను యజమాని, రేపు నేర్పరియైన పనివాడు దొరకలేదని వగచుట న్యాయము కాదు. అట్లే, చదువుకొన్నవాడు రంపము పట్టుట యేమని చిన్నబుచ్చుకొను తల్లిదండ్రులును తమ యభిప్రాయమును మార్చుకొనవలయును.

మార్గములు లేకపోలేదు. ఐ.టి.ఐ.లలో వడ్రంగము నేర్పుదురు. ఎనిమిదవ తరగతితో అందు ప్రవేశమున్నను, పదవ తరగతి ముగించి చేరుట మేలు. ఇంటర్మీడియట్ పిమ్మట అటవీశాస్త్రము చదువ గోరువారికి సిద్దిపేట జిల్లా ములుగులో 2016లో స్థాపింపబడిన అటవీ కళాశాల కలదు. ఏ మార్గమున పోయినను విద్యార్థి మరువరానిది ఒక్కటే: తాను కోయు చెట్టును ఎవరో ముందుచూపుతో పెంచిరి, తన తరువాతివారికొరకు తానును మరియొకటి నాటవలయును.