ఎమ్మెల్యే లేని చోట పౌరపాఠం: జంగ్లీఘాట్ తెలుగువాళ్ల ప్రణాళిక

అండమాన్ దీవుల్లోని జంగ్లీఘాట్ చేపల జెట్టీని నమ్ముకుని బతుకుతున్న తెలుగు కుటుంబాల వాళ్లం మేం. మాలో వేటకు వెళ్లేవాళ్లున్నారు, చేపలమ్మే ఆడవాళ్లున్నారు, బడిలో పాఠాలు చెప్పేవాళ్లున్నారు. మా పెద్దలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చారు. మా పిల్లలు ఇక్కడే పుట్టారు. ప్రభుత్వం ఎలా నడుస్తుందో, అందులో తమ చోటు ఎక్కడో ఆ పిల్లలకు మేమే కూర్చోబెట్టి నేర్పాలని నిర్ణయించుకున్నాం. ఎందుకో, ఎలాగో అందరికీ తెలియాలని ఈ ప్రణాళిక రాస్తున్నాం.

బడిలో చెప్పడం లేదా అంటే, చెబుతున్నారు. రాష్ట్ర ప్రభుత్వం ఎలా పనిచేస్తుందో బడి పుస్తకాల్లో ఏళ్ల తరబడి ఉంది. నియోజకవర్గానికో ఎమ్మెల్యే, మెజారిటీ వచ్చిన పార్టీకి ముఖ్యమంత్రి పదవి, అసెంబ్లీలో మంత్రిని నిలదీసే ప్రతిపక్షం. పిల్ల ఇదంతా కంఠతా పట్టి పరీక్ష రాస్తుంది. ఇంటికొచ్చి మన ఎమ్మెల్యే ఎవరని అడిగితే మా దగ్గర జవాబు లేదు. అండమాన్ నికోబార్‌కు అసెంబ్లీ లేదు, ముఖ్యమంత్రి లేడు. రాష్ట్రపతి నియమించిన లెఫ్టినెంట్ గవర్నర్ పాలిస్తారు. లోక్‌సభలో మొత్తం దీవులన్నిటికీ ఒక్కరే ఎంపీ. రాజ్యసభలో ఆ ఒక్క సీటూ లేదు.

మాలాగే యానాం కూడా కేంద్రపాలిత ప్రాంతంలోదే, అక్కడ ఉన్నదీ తెలుగువాళ్లే. 2011 జనగణన ప్రకారం యానాం జనాభా సుమారు 55 వేలు. పుదుచ్చేరి అసెంబ్లీలో యానాంకు ఓ ఎమ్మెల్యే ఉన్నాడు. అదే జనగణనలో మా దీవుల జనాభా 3 లక్షల 80 వేలు. అందులో వందకు పదమూడు మంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. యానాం పిల్లవాడికి అక్కరకొచ్చే పాఠం జంగ్లీఘాట్ పిల్లవాడికి పరాయి ఊరి కథలా వినిపిస్తుంది. తన ఊళ్లో కనబడనిదాన్ని చదివిన పిల్లవాడు, ప్రభుత్వమంటే ఎక్కడో ఉండేది, మనకు సంబంధం లేనిది అనుకుని పెరుగుతాడు. మా భయమల్లా అదే.

కాబట్టి మా పాఠం ఉన్నదాని నుంచి మొదలవుతుంది. ఇక్కడ ఉన్నది మున్సిపల్ కౌన్సిల్, 24 వార్డులు, వార్డుకో కౌన్సిలర్. ఊరు దాటితే పంచాయతీ, ఆపైన జిల్లా పరిషత్. ఇవన్నీ 1994 నాటి రెగ్యులేషన్ల మీద నిలబడ్డాయి. వాటిని ఏ అసెంబ్లీ చేసింది? ఏదీ చేయలేదు. రాజ్యాంగం 240వ అధికరణ కింద రాష్ట్రపతి జారీ చేశారు. మా బోట్లకు లైసెన్సు ఉండాలని చెప్పే 2003 నాటి సముద్ర చేపల వేట రెగ్యులేషనూ అలా వచ్చిందే. తండ్రి బోటు మీద నడిచే చట్టాన్ని ఎవరు చేశారో, చేసేముందు ఎవరిని అడిగారో, అడగాలంటే దారేదో కొడుక్కీ కూతురికీ తెలియాలి. 2024 సెప్టెంబరులో మా ఊరు పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. ఆ నిర్ణయం ఏ కార్యాలయంలో జరిగిందో పిల్లలే వెతికి పట్టుకోవాలి. మార్పు మంచిదా కాదా అన్నది వాళ్లలో వాళ్లు వాదించుకోవచ్చు, మేం మధ్యలో దూరం.

ఓటు చరిత్ర కూడా చెబుతాం. 1952లో దాదాపు దేశమంతా మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఓటేస్తుంటే ఈ దీవుల్లో ఓటు లేదు. ఇక్కడి సభ్యుణ్ని రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. 1967లో గానీ అండమాన్ ఓటరు తన ఎంపీని తాను ఎన్నుకోలేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర సంగతి మా పిల్లలందరికీ తెలియాలి. రంప పోరాటంలో పట్టుబడ్డ ఆయన్ని బ్రిటిష్‌వాళ్లు ఈ అండమాన్ జైలుకే పంపారు. ఆయన బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మన్యం ఖైదీని పార్లమెంటులో కూర్చోబెట్టింది ఓటు. ఆయన్ని బంధించిన దీవికి అదే ఓటు రావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. సెల్యులార్ జైలు చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్లే ప్రతి పెద్దమనిషీ ఈ మాట చెప్పి తీరాలి.

ఇక పద్ధతి. ఉపన్యాసాలుండవు. కుళాయితో మొదలుపెడతాం. ఎండాకాలం వస్తే నీళ్లు రోజూ రావని మా వాడలో నడక నేర్చిన బిడ్డకూ తెలుసు. ఎందుకు రావో పిల్లలే కనుక్కోవాలి. నీళ్లు ధనిఖారి డ్యామ్ నుంచి వస్తాయి. డ్యామ్ చూసేది ప్రజాపనుల శాఖ, ఇంటింటికీ పంచేది మున్సిపాలిటీ. మరి అర్జీ ఎవరికి పెట్టాలి? ఇక్కడే పెద్దవాళ్లు కూడా తడబడతారు, ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరుగుతారు. పిల్లలు తెల్లకాగితం మీద తేదీ వేసి, ఎవరికి పెడుతున్నారో రాసి, ఒక్క కోరిక మాత్రమే అడిగి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని రావాలి. ఆ ముద్ర పడ్డ కాగితాన్ని ఫైలులో పెట్టి, జవాబు రాకపోతే ఏ తేదీన మళ్లీ వెళ్లాలో పక్కన రాసుకోవాలి. అప్పటికీ పలకకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, రుసుము పది రూపాయలు. ఆ హక్కు పౌరులందరిదీ అని చట్టం అంటోంది. పద్దెనిమిదేళ్లు నిండాలన్న షరతు ఓటుకు ఉంది గానీ పౌరసత్వానికి లేదు.

పిల్లల సభ వారానికోసారి కూర్చుంటుంది. అధ్యక్షత వంతులవారీగా మారుతుంది. మొదటి వంతు ఆడపిల్లలది, ఎందుకంటే మా ఇళ్లలో మాట్లాడే వంతు వాళ్లకు ఎప్పుడూ చివరే వస్తోంది. ఓటింగు రహస్యంగా జరుగుతుంది, లెక్కింపు అందరి ఎదుటా జరుగుతుంది. ఓడిన పక్షం మాట కూడా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. మూల కూర్చున్న పెద్దలు పిల్లల తరఫున జవాబు చెప్పకూడదు. ఇది మాకు అన్నిటికన్నా కష్టమైన నియమమని తెలుసు, అయినా పాటిస్తాం.

ఏ పార్టీ జెండా, కండువా, నాయకుడి ఫొటో ఈ సభలోకి రావు. చందా ఇస్తామని వచ్చే పార్టీవాళ్లకు దండం పెట్టి పంపేస్తాం. దీవులకు అసెంబ్లీ కావాలా వద్దా అన్న విషయంలో మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. కావాలనేవాళ్లు యానాంను చూపిస్తారు. ఇంత చిన్న జనాభాకు ఖర్చు దండగనేవాళ్లు అసెంబ్లీ లేని లక్షద్వీప్‌ను చూపిస్తారు. రెండు వాదాలూ పిల్లల ముందు పెడతాం.

సభ తెలుగు పిల్లలకే పరిమితం కాదు. పక్కింటి బెంగాలీ, తమిళ పిల్లలు, రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు రావాలి. అందరికీ అర్థమయ్యే హిందీలో చర్చ నడవాలి, అర్జీ మాత్రం తెలుగులోనూ రాయడం మా పిల్లలకు వచ్చి తీరాలి. ఈ మట్టికి మొదటి హక్కుదారులు జారవాలు, సెంటినలీస్, ఓంగీలు వంటి ఆదివాసులు అని మొదటి వారమే చెబుతాం. వాళ్ల రక్షణకు 1956 నుంచి రెగ్యులేషన్ ఉంది. సెంటినలీస్ ఉండే నార్త్ సెంటినల్ దీవి దగ్గరకు బోటు తిప్పితే అది నేరం. 2006లో ఆ తీరానికి కొట్టుకుపోయిన ఇద్దరు జాలర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చేప దొరుకుతుందని ఆ నిషేధం దాటే తండ్రిని వద్దనగల పిల్లవాడు మాకు కావాలి.

జంగ్లీఘాట్‌లోని ప్రతి తల్లికీ, తండ్రికీ మా విన్నపం ఇది. ఆదివారం సాయంత్రం పిల్లల్ని పంపండి, ఆడపిల్లల్ని వంటపని పేరు చెప్పి ఆపకండి. వచ్చేటప్పుడు మీ ఓటరు కార్డు, ఐలాండర్ (దీవివాసి) కార్డు, బోటు లైసెన్సు, నీళ్ల బిల్లు నకళ్లు తీయించి వాళ్ల చేతికివ్వండి. మొదటి పాఠానికి అవే మా పుస్తకాలు.