బ్యాడ్జీలతోనే సరిపోదు

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ‘మావాడు ఈగిల్ స్కౌట్’ అన్న మాట ఇప్పుడు కొత్తేమీ కాదు. అక్కడి స్కౌటింగ్‌లో అత్యున్నత హోదా అది. 2019 నుంచి అమ్మాయిలకూ ఆ దారి తెరుచుకుంది. అందుకే ఈ సంచికలో స్కౌటింగ్‌కు పెద్దపీట వేశాం.

1912లో ఆర్థర్ ఎల్డ్రెడ్ తొలిసారి అందుకున్న ఈగిల్ హోదాకు ఇవాళ 21 మెరిట్ బ్యాడ్జీలు కావాలి. చాలామంది తల్లిదండ్రుల లెక్క అక్కడితో ఆగిపోతుంది. కానీ ఈగిల్‌కు ముందు మెట్లయిన స్టార్ హోదాకు నాలుగు నెలలు, లైఫ్‌కు ఆరు, ఈగిల్‌కు మరో ఆరు నెలలు దళంలో ఏదో ఒక బాధ్యత మోయాలి. క్వార్టర్‌మాస్టర్‌నే తీసుకోండి. గుడారాలు, వంటసామాను అతని పూచీ. క్యాంపు నుంచి తడిసి వచ్చిన గుడారాన్ని ఎవరు ఆరబెట్టాలో చెప్పాలి, చెప్పిన పని ఈడువాళ్ల చేత చేయించాలి. కసురుకుంటే వినరు, బతిమాలితే జరగదు. అయితే అన్ని బాధ్యతలూ అన్ని హోదాలకూ పనికిరావు: బ్యూగిల్ ఊదే పదవి స్టార్, లైఫ్‌లకు చెల్లుతుంది కానీ ఈగిల్‌కు చెల్లదు!

ఆపైన సేవా ప్రాజెక్టు. బడికో, గుడికో, ఊరికో పనికొచ్చేది ఎంచుకోవాలి. బడికి బల్లలు చేయాలనుకుంటే, అన్నీ తానొక్కడే చేసిపెడితే కుదరదు. పథకం వేసి, నలుగురినీ కూడగట్టి నడిపించాలి. ఇదంతా 18 ఏళ్లు నిండేలోపే.

గడువు దగ్గరపడేకొద్దీ చొరవ తీసుకోవాలని అమ్మానాన్నలకు చేతులు దురదపెడతాయి. ప్రాజెక్టు కోసం పిల్లలు చేయాల్సిన ఫోను మనం చేసేస్తే, నేర్చుకోవాల్సింది కాస్తా పోతుంది. మీ పిల్లల స్కౌటింగ్ అనుభవాలు మాకు పంపండి. రాసేది మాత్రం వాళ్లే కావాలి సుమా!

— సంపాదకుడు