వీరునికి పతకం – ఆప్తుల విన్నపం

పోరులో నేలకొరిగిన వీరుని స్మృతిని నిలుపుకోవడం మానవజాతికి అతి ప్రాచీనమైన ఆచారం. తెలుగునేల మీద ఊరి పొలిమేరల్లో, చెరువు గట్ల మీద, ఆలయ ప్రాంగణాల్లో నేటికీ కనిపించే వీరగల్లులు ఇందుకు తార్కాణాలు. పశువుల మందను కాపాడబోయి, ఊరిని రక్షించబోయి ప్రాణాలు కోల్పోయినవాని రూపాన్ని శిలపై మలచి, రాబోయే తరాలకు చూపేవారు మన పూర్వులు. పల్నాటి సీమలోని కారెంపూడిలో కార్తిక మాసంలో జరిగే వీరుల ఉత్సవాలు కూడా ఈ కృతజ్ఞతాభావం నుండి పుట్టినవే. కాలక్రమంలో ఆ శిల స్థానాన్ని పతకం ఆక్రమించింది. అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. వీరగల్లును కన్నవారైనా, ఊరివారైనా నిలపగలిగేవారు. పతకాన్ని మాత్రం ప్రభుత్వమే ప్రసాదించాలి. అందువల్ల వీరుని ఆప్తులు ఒక్కొక్కప్పుడు ప్రభుత్వ ద్వారం వద్ద నిలిచి, తమవాని శౌర్యాన్ని గుర్తించమని విన్నవించుకోవలసి వస్తున్నది. ఈ విన్నపం ఉచితమా, అనుచితమా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

అనుచితమనేవారి వాదంలో కొంత బలం లేకపోలేదు. గౌరవం తనంత తానుగా రావాలి గాని, అడిగి తెచ్చుకోరాదని వారంటారు. యుద్ధకాలంలో ప్రత్యక్షంగా చూసిన అధికారులు తీసుకున్న నిర్ణయాన్ని దశాబ్దాల తరువాత తిరగదోడితే దానికి అంతుండదని కూడా వారు భయపడతారు. పుత్రశోకంలో ఉన్న తల్లిదండ్రులకు తమ బిడ్డ త్యాగమే అన్నింటికన్న మిన్నగా తోస్తుంది. ఆ దృష్టితో కొలిస్తే ప్రతి అమరునికీ అత్యున్నత పతకమే ఇవ్వాలి కదా అని వారి ప్రశ్న.

ఈ వాదం మరణించినవాని నిస్సహాయతను గమనించదు. బ్రతికి వచ్చిన సైనికుడు తన కథను తాను చెప్పుకోగలడు. మరణించినవానికి నోరు లేదు. అతని సాహసాన్ని కళ్ళారా చూసినవారు తరచుగా అతని పక్కనే ప్రాణాలు విడుస్తారు. మునిగిన ఓడతో పాటు పత్రాలు మునుగుతాయి. కూలిన స్థావరంతో పాటు సాక్ష్యాలు మాయమవుతాయి. అటువంటప్పుడు అతని పక్షాన మాట్లాడవలసినవారు ఆప్తులు గాక మరెవరు? వారు కూడా మౌనం వహిస్తే చరిత్రలో ఒక సత్యం శాశ్వతంగా మరుగున పడిపోతుంది.

మరణానంతరం పతకం ఇవ్వడమన్న సంప్రదాయం బలపడడంలోనే ఒక వితంతువు విన్నపానికి స్థానం ఉన్నది. బ్రిటిష్ సామ్రాజ్యంలో అత్యున్నత శౌర్యపురస్కారమైన విక్టోరియా క్రాస్ 1856లో ఏర్పడింది. మొదట్లో దానిని రణరంగంలో మరణించినవారికి ఇచ్చే ఆనవాయితీ లేదు. 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానా వద్ద జూలూ సేనలతో జరిగిన యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఘోరపరాజయం పాలైంది. ఆనాడు తమ దళ పతాకను శత్రువుల చేతికి చిక్కకుండా కాపాడే ప్రయత్నంలో మెల్విల్, కోగ్‌హిల్ అనే ఇద్దరు అధికారులు హతులయ్యారు. వారు జీవించి ఉంటే పతకానికి సిఫారసు జరిగి ఉండేదని ప్రభుత్వం ఆనాడే ప్రకటించింది. అంటే వారి అనర్హతకు కారణం మరణించడమే! బోయర్ యుద్ధంలో అసువులు బాసిన కొందరికి 1902లో ఈ పతకం లభించగా, ఆ ధర్మం తన భర్తకు మాత్రం ఎందుకు వర్తించదని మెల్విల్ భార్య చక్రవర్తికి విన్నవించుకున్నది. ఫలితంగా 1907లో మెల్విల్, కోగ్‌హిల్‌లతో పాటు మరికొందరు పూర్వవీరులకు కూడా విక్టోరియా క్రాస్ లభించింది. ఒక్క స్త్రీ అడిగిన న్యాయమైన ప్రశ్న ఇరువది ఎనిమిదేళ్ళ నాటి లోపాన్ని సవరించింది. ఆమె అడగడం అత్యాశ అని నేడు ఎవరూ అనలేరు.

ఈ విషయంలో సమీపకాలంలో ఎక్కువగా చర్చకు వచ్చినది ఆస్ట్రేలియా నావికుడు ఎడ్వర్డ్ షీయన్ ఉదంతం. అందరూ టెడ్డీ అని పిలుచుకున్న ఆ యువకుడు 1923లో టాస్మానియా ద్వీపంలోని ఒక పల్లెలో, నిరాడంబరమైన పెద్ద కుటుంబంలో జన్మించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళంలో చేరి ఆర్మిడేల్ అనే చిన్న యుద్ధనౌకపై నియమితుడయ్యాడు. 1942 డిసెంబరు 1న ఆ నౌక టిమోర్ సముద్రంలో ఉండగా జపాను విమానాలు దానిపై విరుచుకుపడ్డాయి. టార్పెడోలు తగిలి నౌక ఒరిగిపోసాగింది. ఓడను విడిచి వెళ్ళవలసిందిగా ఆజ్ఞ వెలువడింది. నీటిలోకి దూకినవారిని కూడా విమానాలు తుపాకులతో కాల్చసాగాయి.

అప్పటికే గాయపడిన షీయన్ తన ప్రాణం దక్కించుకునే మార్గం వెదకలేదు. వెనుదిరిగి ఓడ వెనుకభాగంలో ఉన్న విమాన విధ్వంసక తుపాకీ వద్దకు చేరి, దానికి తన్ను తాను పట్టీలతో బంధించుకొని కాల్పులు సాగించాడు. ఒక శత్రు విమానాన్ని కూల్చాడు. ఓడ మునుగుతున్నా, నీరు తన్ను కప్పుతున్నా అతడు తుపాకీని వదలలేదని, నీటి అడుగు నుండి కూడా గుళ్ళు పైకి దూసుకువచ్చాయని బ్రతికి బయటపడినవారు చెప్పారు. ఓడలో ఉన్న 149 మందిలో 49 మంది మాత్రమే చివరకు ప్రాణాలతో మిగిలారు. పందొమ్మిదవ పుట్టినరోజుకు ఇంకా నెల నాళ్ళున్నదనగా షీయన్ జీవితం ముగిసింది.

ఇంతటి సాహసానికి లభించినదేమి? యుద్ధ నివేదికల్లో అతని పేరును ప్రస్తావించారు. అది గౌరవాలలో కడపటి మెట్టు. ఆనాటి బ్రిటిష్ పద్ధతిలో శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి మరణానంతరం ఇవ్వదగినవి రెండే ఉండేవి. ఒకటి శిఖరం వంటి విక్టోరియా క్రాస్, రెండవది ఈ ప్రస్తావన. జీవించి ఉన్నవారికి గల నడిమి మెట్లు మరణించినవారికి లేవు. శిఖరాన్ని అందుకోనివాడు నేరుగా పాదం వద్ద నిలవవలసిందే. షీయన్ విషయంలో జరిగినది అదే.

జాతి అతనిని పూర్తిగా మరచిపోలేదు. అతని అంతిమ పోరాటాన్ని చిత్రించిన వర్ణచిత్రం ఆస్ట్రేలియా యుద్ధస్మారక భవనంలో చోటు చేసుకున్నది. 1999లో జలప్రవేశం చేసిన ఒక జలాంతర్గామికి అతని పేరు పెట్టారు. అయినా కుటుంబం తృప్తి చెందలేదు. మేనమామను కళ్ళతో చూసే భాగ్యం కలగని మేనల్లుడు దశాబ్దాల తరబడి ప్రభుత్వానికి విన్నపాలు చేస్తూ వచ్చాడు. పూర్వ సైనికులు, టాస్మానియా ప్రజాప్రతినిధులు అతనికి అండగా నిలిచారు. 2013లో ఒక విచారణ సంఘం పరిశీలించి విక్టోరియా క్రాస్‌కు సిఫారసు చేయలేమన్నది. సైనిక పురస్కారాల వివాదాలను తీర్చే స్వతంత్ర న్యాయమండలి 2019లో పతకం ఇవ్వడమే న్యాయమని తేల్చింది. కొత్త సాక్ష్యం లేదంటూ ప్రభుత్వం 2020 మే నెలలో ఆ సిఫారసును త్రోసిపుచ్చింది. ప్రజల నుండి నిరసన రావడంతో ప్రధానమంత్రి మరొక నిపుణుల సంఘాన్ని నియమించారు. ఆ సంఘం కూడా షీయన్ అర్హుడనే చెప్పింది. 2020 ఆగస్టులో రాణి ఎలిజబెత్ ఆమోదముద్ర వేశారు. సరిగ్గా 78 ఏళ్ళు నిండిన రోజున, 2020 డిసెంబరు 1న, పతకాన్ని కుటుంబానికి అందజేశారు. ఆస్ట్రేలియా నౌకాదళానికి అది తొలి విక్టోరియా క్రాస్.

ఈ ఉదంతాన్ని బట్టి విన్నవించుకున్న ప్రతివారికీ పతకం ఇచ్చి తీరాలని అనుకోరాదు. 2013 నాటి విచారణ సంఘం షీయన్‌తో కలిపి 13 మంది వీరుల విషయాలను పరిశీలించింది. వారిలో సింప్సన్ ఒకడు. 1915లో గాలిపోలీ యుద్ధభూమిలో గాడిదపై క్షతగాత్రులను మోసి తెచ్చి, అక్కడే హతుడైన అతని కథ ఆస్ట్రేలియాలో పసిపిల్లలకు సైతం తెలుసు. అయినా అతని తోటి పరిచారకులందరూ అదే ధైర్యంతో అదే సేవ చేశారని, అతనిని వేరు చేసి చూపడానికి ఆధారం లేదని సంఘం భావించింది. ఈ నిర్ణయం కొందరికి కఠినంగా తోచవచ్చు. ప్రసిద్ధి వేరు, ప్రమాణం వేరు. కథ ఎంత మధురమైనా సాక్ష్యం స్థానాన్ని అది తీసుకోజాలదు. జాలితోనో, జనాదరణకు లొంగిపోయియో ఇచ్చిన పతకం, నికషంపై నిలిచి పొందిన పతకాలన్నింటి విలువనూ తగ్గిస్తుంది. దానివల్ల నష్టపోయేవారు ఇతర వీరులే.

మన దేశంలో అత్యున్నత శౌర్యపతకమైన పరమవీరచక్ర 1950 జనవరి 26న ఏర్పడింది. స్విట్జర్లాండ్‌లో జన్మించి భారతీయ సైనికాధికారిని వివాహమాడిన సావిత్రీ ఖనోల్కర్ దానికి రూపకల్పన చేశారు. పతకంపై ఇంద్రుని వజ్రాయుధం నాలుగు మార్లు కనిపిస్తుంది. లోకరక్షణకై దేహాన్ని విడిచి ఎముకలను దానం చేసిన దధీచి మహర్షి త్యాగం నుండి ఆ ఆయుధం పుట్టిందని పురాణ ప్రసిద్ధి. ఇంతవరకు ఈ పతకం పొందిన 21 మందిలో 14 మందికి అది మరణానంతరమే లభించింది. దధీచి చిహ్నానికి ఇంతకన్న సార్థకత ఏముంటుంది?

తెలుగువారికి సంబంధించిన సమీప ఉదాహరణ సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి ఇరువది మంది భారతీయ సైనికులు అమరులయ్యారు. 2021లో ఆయనకు మహావీరచక్ర ప్రకటించినప్పుడు, గౌరవమే అయినా తమకు పూర్తి సంతృప్తి లేదని, పరమవీరచక్రను ఆశించామని ఆయన తండ్రి చెప్పారు. ఆ మాటను కొందరు ఆశగా భావించి ఉండవచ్చు. కాని కన్నకొడుకును దేశానికి అర్పించిన తండ్రి ఆ త్యాగానికి సరితూగే గుర్తింపు ఏదని అడగడంలో దోషం లేదు. ఏ పతకం ఎందుకు నిర్ణయించారో ఆ తండ్రికి అర్థమయ్యేలా వివరించవలసిన బాధ్యత వ్యవస్థపై ఉన్నది. నిర్ణయం మారకపోవచ్చు. కారణం తెలిసిన మనస్సు మాత్రం కొంత కుదుటపడుతుంది.

నిజమైన శౌర్యానికి సాక్ష్యం ఏ వైపు నుండి వచ్చినా స్వీకరించవలసిందే. 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ వద్ద పాకిస్తాన్ పక్షాన పోరాడి మరణించిన కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ ధైర్యాన్ని భారత సేనాని బ్రిగేడియర్ బాజ్వా గుర్తించారు. ఆ సాహసాన్ని తెలిపే చీటీని మృతదేహం జేబులో ఉంచి అప్పగించామని ఆయన స్వయంగా చెప్పారు. ఆ అధికారికి పాకిస్తాన్ తన అత్యున్నత పతకాన్ని ఇచ్చింది. శత్రువే సత్యం పలికినప్పుడు, స్వదేశం తన వీరుల విషయంలో సత్యాన్ని వెదకడానికి జంకరాదు.

కావున ఆప్తులకు విన్నవించుకునే హక్కు ఉండాలి. ఆ విన్నపాన్ని తూచే అధికారం స్వతంత్రులైన వివేకవంతుల చేతిలో ఉండాలి. యుద్ధం ముగిసిన వెంటనే సహచరుల వాఙ్మూలాలను సేకరించి భద్రపరచడం, విన్నపానికి కారణసహితంగా సమాధానం ఇవ్వడం, పూర్వనిర్ణయం పొరపాటని తేలితే వెనుకాడక సరిదిద్దుకోవడం ప్రభుత్వ ధర్మాలు. అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. దశాబ్దాల పాటు పోరాడే మేనల్లుడు ప్రతి వీరునికీ ఉండడు. చదువు, పలుకుబడి లేని ఇళ్ళ నుండి, వారసులే లేని ఇళ్ళ నుండి కూడా సైనికులు వెళ్ళారు, ఒరిగారు. అటువంటివారి పక్షాన అడిగేవారు లేరన్న కారణంతో వారి శౌర్యం చీకటిలో ఉండిపోరాదు. వారికి దేశమే ఆప్తబంధువు కావాలి. వారి కోసం వెదకవలసినది, విన్నవించవలసినది, గుర్తించవలసినది ఆ దేశమే.