రిపోర్టులో లేని తారీఖు

"షాదీ కే పైలే కా హై యా బాద్ కా?"

మా ఖాలా ఇంటి హాల్లో ఏడుగురు పెద్దమనుషులు కూర్చున్నప్పుడు ఒక బుజుర్గ్ వేసిన సవాల్ ఇది. పెళ్లికి ముందుదా, తర్వాతదా? అడిగింది రోగం గురించి. చూపు మాత్రం దర్వాజా పర్దా వెనక నిలబడ్డ మా చెల్లె మీద. టీపాయి మీద చాయ్ కప్పుల పక్కన రెండు పేజీల ల్యాబ్ రిపోర్టు ఉంది. అందులో ఒక లైను కింద ఎవరో ఎర్రపెన్నుతో గీత కొట్టారు. హెర్పిస్ ఐజీజీ పాజిటివ్.

తౌబా తౌబా, ఇట్లాంటివి రాస్తారా అని చెవులు మూసుకునేవాళ్లు మూసుకోండి. మీరు మూసుకున్నందుకే ఆ హాల్లో ఒక్కరికీ ఆ కాగితం చదవడం రాలేదు. చదవకుండానే ఫైసలా చేయడానికి మాత్రం అందరూ తయార్.

సంగతేందంటే, చెల్లెకు రెండుసార్లు కడుపు పోయింది. డాక్టరమ్మ టార్చ్ టెస్టు రాసింది. మన దగ్గర చాలామందికి రాస్తారు, టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగాలో, హెర్పిస్, అన్నీ ఒక్క సీసా రక్తంతో. ఇట్లా కడుపు పోయినవాళ్లకు ఈ టెస్టు వల్ల ఫాయిదా లేదని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజ్ ఎప్పుడో చెప్పింది. ఎవరు వింటారు? రిపోర్టు రాగానే జేఠ్ ఫోన్లో వెతికి 'ఇది గలీజ్ బీమారీ' అని తేల్చేశాడు. పిల్లను మైకా పంపేశారు. బిడ్డ పోయిన దుఃఖం మీద బద్నామీ.

ఇప్పుడు ఆ లైను ఏం చెప్తుందో వినండి.

ఐజీజీ అంటే ఒంట్లోకి వైరస్ ఎప్పుడో వచ్చిందని, రక్తం దాన్ని గుర్తుపెట్టుకుందని. అంతే. భుజం మీద టీకా మచ్చ ఉంటుంది కదా, ఆ మచ్చ చూసి టీకా ఏ సంవత్సరం వేశారో, ఏ ఊళ్లో వేశారో చెప్పగలరా? ఇదీ అట్లాంటిదే. పోయిన సంవత్సరం వచ్చినా పాజిటివే, మూడేళ్ల వయసులో వచ్చినా పాజిటివే. జిందగీ మొత్తం పాజిటివ్‌గానే ఉంటుంది.

పైగా చెల్లెకు చేసింది రెండు రకాలూ కలిపి చూసే టెస్టు. హెర్పిస్‌లో ఒకటో రకం, రెండో రకం ఉన్నాయి. ఒకటో రకం ఎక్కువగా చిన్నతనంలోనే అంటుతుంది, ముద్దుల్లోంచి, ఉమ్మిలోంచి. జ్వరమొస్తే పెదవి అంచున పొక్కులు లేస్తాయే, అది. మా నానీకి చలికాలం వస్తే లేచేవి. ఆ మూతితోనే మమ్మల్నందరినీ ముద్దుపెట్టుకునేది, అల్లా ఆమెకు జన్నత్ నసీబ్ చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో యాభై ఏళ్ల లోపువాళ్లలో 64 శాతం మందికి, అంటే 380 కోట్ల మందికి ఈ ఒకటో రకం ఉంది. ఆ హాల్లో కూర్చున్న ఏడుగురికీ టెస్టు చేయిస్తే ఎన్ని ఎర్రగీతలు కొట్టాల్సి వచ్చేదో!

"అయితే రెండో రకమైతే?" అని ఒక మామూ అడిగారు. సరైన సవాలే. తర్వాత చెల్లెకు రకాలు విడదీసి చూసే టెస్టు కూడా అయింది. ఏ రకం వచ్చిందో నేనిక్కడ రాయను. అది ఆమె ఒంటి సంగతి, మొహల్లా సంగతి కాదు. నా మాటకు దాని అవసరం కూడా లేదు. రెండో రకమే అనుకోండి. అది ఎక్కువగా మగ ఆడ కలయిక ద్వారా అంటేదే, ఔను. కానీ చాలామందిలో ఏ పొక్కూ లేకుండా ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుంది. పొక్కులేమీ లేనప్పుడు కూడా ఇంకొకరికి అంటగలదు. మొదటి పొక్కు ఇవాళ లేచిందంటే రోగం ఇవాళ వచ్చిందని కాదు. ఆపైన ఈ టెస్టులో తప్పుడు పాజిటివ్‌లు తక్కువేం కాదు. బాగా వాడే ఒక టెస్టులో రెండో రకం సూచీ 3 కంటే తక్కువగా ఉంటే ఇంకో పద్ధతిలో ఖరారు చేసుకోవాలని అమెరికా సీడీసీ 2021 మార్గదర్శకాల్లో ఉంది. ఇక్కడ సూచీ ఎంతో ఎవరు చూశారు? పాజిటివ్ అన్న మాట దగ్గరే అందరి కళ్లూ ఆగిపోయాయి.

జేఠ్ ఇంకో తీగ పట్టుకున్నాడు. "ఐజీఎం కూడా ఉంది, అంటే తాజాది." కాదు భాయ్! పాత వైరస్ మళ్లీ లేచినప్పుడు కూడా ఐజీఎం రావచ్చు, అది రకాన్నీ చెప్పదు. అందుకే హెర్పిస్‌కు ఐజీఎం చేయించొద్దని అదే సీడీసీ అంటుంది.

తారీఖు దొరికే దారి అసలే లేదా అంటే, ఒకట్రెండు ఉన్నాయి. పాత రక్తపరీక్షలో నెగెటివ్ ఉండి ఇప్పుడు పాజిటివ్ అయితే, మధ్యకాలంలో వచ్చిందనొచ్చు. లేదా పొక్కు నుంచి తీసిన స్వాబ్‌లో వైరస్ దొరికి, రక్తం మాత్రం ఇంకా నెగెటివ్‌గా ఉంటే కొత్తదనొచ్చు, ఎందుకంటే ఐజీజీ పైకి రావడానికి వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. చెల్లె దగ్గర ఈ రెండూ లేవు. మన ఇండ్లల్లో ఎవరి దగ్గరా ఉండవు.

కాబట్టి ఆ కాగితం గవాహ్ కాదు. పాకదామన్ ఔరత్ మీద తోహమత్ వేసి నలుగురు గవాహ్‌లను తేలేనివాడికి సూరా నూర్ ఎనభై కొరడా దెబ్బల సజా పెట్టింది. తోహమత్ వేసేవాడి మీద పెట్టింది, ఆమె మీద కాదు. జుమ్మా జుమ్మాకు ముందు సఫ్‌లో నిలబడే పెద్దలకు ఇది నేను చెప్పాలా?

ఇంకొకాయన సలహా విన్నారా? ఇకనుంచి నికాహ్‌కు ముందు దుల్హన్‌కు హెర్పిస్ టెస్టు చేయించాలట. దుల్హన్‌కు, దుల్హాకు కాదు! హెచ్ఐవీ, హెపటైటిస్ బి, తలసీమియా టెస్టులు ఇద్దరికీ చేయించండి, నేనూ మీ వెంట ఉంటా. వాటి జవాబు ఇద్దరికీ పనికొస్తుంది. కానీ ఏ లక్షణమూ లేనివాళ్లకు హెర్పిస్ రక్తపరీక్ష వద్దని, గర్భిణులకైనా వద్దని, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2023లో మళ్లీ చెప్పింది. పొక్కులుంటే డాక్టరుకు చూపించి స్వాబ్ తీయించండి. కడుపుతో ఉంటే ఆ మాట దాచొద్దు. నెలలు నిండే వేళ కొత్తగా అంటితే బిడ్డకు నిజంగా ఖత్రా. అంతకుముందే ఉందని డాక్టరుకు తెలిస్తే 36వ వారం నుంచి మందు ఇస్తారు, నొప్పుల వేళ పుండ్లుంటే ఆపరేషన్ చేస్తారు. సిగ్గుతో నోరు మూయిస్తే పోయేది పసిప్రాణం.

ఖాలా పట్టుబట్టి అల్లుడికి కూడా టెస్టు చేయించింది. పోయిన వారం రిపోర్టు వచ్చింది. అదే లైను, అదే పాజిటివ్. "ఈమె దగ్గర్నుంచే అంటింది" అన్నారు సాస్. ఆ కాగితం మీద ఎవరూ ఎర్రగీత కొట్టలేదు. పైలే కా యా బాద్ కా అని బుజుర్గ్ అతన్ని అడగనూ లేదు.

మళ్లీ కూర్చునేది వచ్చే జుమ్మా నమాజ్ తర్వాత. రెండు కాగితాలూ పట్టుకుని ఈసారి పర్దాకు ఇటువైపు నేనూ కూర్చుంటా.